16 అడుగుల ఫైబర్ బోటు, 9.9 లాంగ్ షాఫ్ట్ మోటారు: వెనక పలక ఎత్తు కలవడం లేదు, ఎంత లేపాలి?

మడఅడవి:

అందరికీ నమస్కారం. కోరంగి వైపు ఉప్పుటేర్లలోనూ, అప్పుడప్పుడు కాకినాడ తీరంలో హోప్ ఐలాండ్ లోపలి నీళ్లలోనూ తిరిగే బోటు. పొడవు 16 అడుగులు, ఫైబర్, అడుగు కొంచెం V ఆకారం, మధ్యలో అణియం (ముందు కొస) నుంచి అమరం (వెనక కొస) దాకా అడుగున పొడుచుకొచ్చిన సన్నటి కీల్ పట్టీ ఉంది. మోటారు 9.9 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్, చేత్తో తిప్పే హ్యాండిల్ రకం, లాంగ్ షాఫ్ట్ (పొడవు కాలు రకం). మోటారు తగిలించే వెనక పలక ఎత్తు 17 అంగుళాలు, మందం 40 మిల్లీమీటర్లు. మామూలుగా ఇద్దరు ఎక్కుతారు, ఒక్కోసారి ఐదుగురు.

ఇబ్బందులు ఇవి. పావు స్పీడు దాటగానే మోటారు కాలికి (నీటిలోకి దిగే కింది భాగానికి) నీళ్లు కొట్టుకుని పలక మీదుగా లోపలికి చిమ్ముతున్నాయి. హ్యాండిల్ బరువుగా ఉంటోంది. పాటు సమయంలో నీళ్లు తగ్గితే ఫ్యాను (ప్రొపెల్లర్) బురదలో గీసుకుంటోంది. వెనక ముగ్గురు కూర్చుంటే ఇంజన్ స్లోలో ఆగిపోతోంది, మళ్లీ స్టార్ట్ చేయడం కష్టం. ప్లగ్గు, పెట్రోలు, కార్బురేటర్ అన్నీ చూపించాం, తేడా లేదు.

పలక మీద చెక్క దుంగ పెట్టి మోటారుని పైకి లేపమని కొందరు, షార్ట్ షాఫ్ట్ మోటారుకి మార్చేయమని కొందరు చెబుతున్నారు. ఎక్కువ లేపితే ఫ్యాను గాలి పట్టేస్తుందని కూడా విన్నాను. ఎంత లేపాలి, ఎలా లేపాలి?

—

రేవుమెకానిక్:

నమస్తే అండి. మీరు చెప్పినవాటిలో స్లోలో ఆగిపోవడమే అసలు సంగతి పట్టిస్తోంది. మోటారు కాలికి వెనకవైపు, నీటి మట్టానికి పైన చిన్న రంధ్రం ఉంటుంది చూడండి. స్పీడులో పొగంతా నీటి కిందనుంచి పోతుంది. స్లోలో అంత ఒత్తిడి ఉండదు కాబట్టి పొగ ఈ రంధ్రం లోంచి బయటికి వస్తుంది. వెనక ముగ్గురు కూర్చునేసరికి అమరం దిగి ఆ రంధ్రం నీళ్లలో మునుగుతోంది. పొగ పోయే దారి లేక ఇంజన్ ఊపిరాడక ఆగుతోంది. కార్బురేటర్ ఎన్నిసార్లు విప్పినా ఇది పోదు. మోటారు లోతుగా ఉంది, అంతే. నీళ్లు చిమ్మడం, హ్యాండిల్ బరువు, బురద, అన్నిటికీ మూలం ఇదే.

ఇక కొలతలు. షార్ట్ షాఫ్ట్ అంటే 15 అంగుళాల పలకకి, లాంగ్ అంటే 20 అంగుళాల పలకకి, ఎక్స్‌ట్రా లాంగ్ అంటే 25 అంగుళాలకి. మీ పలక 17. అంటే లాంగ్ షాఫ్ట్ పెడితే మూడంగుళాలు ఎక్కువ దిగుతుంది, షార్ట్ పెడితే రెండంగుళాలు పైకి పోతుంది. షార్ట్ షాఫ్ట్‌కి మారొద్దు. మూడంగుళాలు దిగిన మోటారుతో ఇబ్బంది పడుతూనైనా ఇంటికి రావచ్చు. రెండంగుళాలు పైకి పోయిన మోటారు చిన్న అలకే ఫ్యానుకి గాలి తగిలి వట్టిగా తిరుగుతుంది, కూలింగ్ నీళ్లు లాగే రంధ్రాలు కూడా పైకొచ్చి ఇంజన్ వేడెక్కుతుంది.

అయితే 15, 20 అనేవి పేరుకి మాత్రమే. కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి అర అంగుళమో ముప్పావో తేడా ఉంటుంది. అందుకని లెక్క కట్టకండి, బోటు మీదే కొలవండి. బోటుని ఒడ్డున దుంగల మీద ఎక్కించండి. నాలుగడుగుల తిన్నటి అల్యూమినియం ఛానెల్ తీసుకుని, బోటు అడుక్కి ఆనించి, వెనక మోటారు దాకా పొడుచుకొచ్చేలా పట్టుకోండి. కీల్ పట్టీ మీద ఆనించొద్దు, దాని పక్కన అసలు అడుగుకి, మధ్య గీతకి వీలైనంత దగ్గరగా ఆనించాలి. మోటారు వంపు పిన్నుని మార్చుతూ, ఫ్యాను పైన అడ్డంగా ఉండే కావిటేషన్ ప్లేటు ఈ ఛానెల్‌కి సమాంతరంగా వచ్చేలా నిలపండి. అప్పుడు ఛానెల్ అడుగు అంచు నుంచి ప్లేటు ఎంత కిందికి ఉందో కొలవండి. పని చెయ్యాల్సింది ఆ అంకెతోనే.

ఆ ప్లేటు పని, నీటి పై నుంచి గాలిని ఫ్యాను కిందికి లాక్కోకుండా అడ్డుకోవడం. అందుకని అది నీటిలోనే ఉండాలి, కానీ అవసరం లేనంత లోతుకి పోకూడదు. చిన్న మోటార్ల మాన్యువల్స్‌లో సాధారణంగా ఉండే మాట: ప్లేటు బోటు అడుగుతో సమానంగా మొదలుకుని 25 మిల్లీమీటర్ల దిగువ దాకా ఉండాలి. మీ బోటుకి ఆ 25 దగ్గరే గురి పెట్టండి, సమానానికి పోవద్దు.

—

పోటుపాటు:

రేవుమెకానిక్ గారి కొలత పద్ధతి సరైనదే. ఒక్క విషయంలో మాత్రం నా మాట వేరు. ఒక అంగుళం దిగువ అనే లెక్క, స్పీడులో లేచి నీటి మీద జారే బోట్లని దృష్టిలో పెట్టుకుని చెప్పేది. జారేటప్పుడు నీరు అడుగు చివరనుంచి తిన్నగా వెనక్కి పోతుంది, ప్లేటు ఆ నీటి అంచున ఉంటే చాలు. మీ బోటు ఇద్దరితో లేస్తే లేవచ్చు, ఐదుగురితో 9.9 మోటారు దాన్ని లేపలేదు. లేవని బోటు తను చేసిన అల మధ్యలోనే నడుస్తుంది. నీటిలో 15 అడుగుల పొడవు మునిగే బోటుకి ఆ హద్దు సుమారు 5 నాట్లు, అంటే గంటకి 9 నుంచి 10 కిలోమీటర్లు. ఆ హద్దు దగ్గర థ్రాటిల్ ఎంత తిప్పినా అమరం ఇంకా దిగుతుంది తప్ప స్పీడు రాదు.

దీనివల్ల రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, బరువుతో నడిచేటప్పుడు ప్లేటు ఎలాగూ లోతులోనే ఉంటుంది కాబట్టి గాలి పట్టే ప్రమాదం తక్కువ, పొగ రంధ్రం మునిగే ప్రమాదం ఎక్కువ. రెండు, ఇద్దరే ఉండి ఒకరు అణియం వైపు కూర్చుంటే అమరం లేస్తుంది. హోప్ ఐలాండ్ లోపల మధ్యాహ్నం గాలి లేచాక చిన్న చిన్న అలలు దగ్గర దగ్గరగా వస్తాయి, బోటు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అప్పుడు గాలి పడుతుంది. ఎత్తు నిర్ణయించాల్సింది ఈ రెండు కొసల మధ్య. ఖాళీ బోటుతో ఒడ్డున కొలిచిన అంకె ఒక్కటే సరిపోదు.

అందుకని ముందే పలక మీద ఏదీ అతికించకండి. గట్టి చెక్క పట్టీలు, టేకు అయితే మంచిది, అర అంగుళం మందంవి మూడు కోయించండి. మోటారు బ్రాకెట్ పలక మీద ఆనే చోట ఒక్కొక్కటి పెంచుకుంటూ నీటి మీద చూడండి. ఇక్కడ ఒక హద్దు ఉంది: క్లాంపు స్క్రూల పళ్లేలు పూర్తిగా అసలు పలక మీదే ఉండాలి, పళ్లెం పై అంచుకీ పలక పై అంచుకీ మధ్య కనీసం అర అంగుళం మిగలాలి. పళ్లెం చెక్క పట్టీ మీదికి వచ్చేసిందంటే మోటారుని పట్టుకున్నది ఏమీ లేనట్టే. పరీక్షించేటప్పుడు మోటారు హ్యాండిల్ కొక్కెం నుంచి బోటు లోపలి రింగుకి 10 మిల్లీమీటర్ల నైలాన్ తాడు కట్టే ఉంచండి. కిల్ స్విచ్ (లాగితే ఇంజన్ ఆపేసే స్విచ్) తాడు చేతికి తగిలించుకోవాలి, లైఫ్ జాకెట్ వేసుకోవాలి.

చూడాల్సినవి: ఐదుగురినీ ఎక్కించి స్లోలో పది నిమిషాలు ఉంచండి, ఆగుతుందేమో. పొగ రంధ్రం నీటికి ఎంత పైన ఉందో చూడండి. ముప్పావు థ్రాటిల్‌లో నిటారుగా పోనిచ్చి ఒకరు వెనక్కి వంగి ప్లేటుని గమనించాలి. తర్వాత ఇద్దరితోనే ముప్పావులో రెండు వైపులా తిప్పండి. అర థ్రాటిల్‌లో మీ అలనే మీరు అడ్డంగా దాటండి. ఇంజన్ శబ్దం ఒక్కసారిగా పెరిగి బోటు లాగడం మానేస్తే ఫ్యాను గాలి పట్టినట్టు. వెంటనే థ్రాటిల్ తగ్గించండి, అలాగే పట్టుకుని ఉండకండి. రివర్స్‌లో గాలి పట్టిందని ఎత్తు మార్చకండి. మీ మోటారు పొగ ఫ్యాను బొడ్డు గుండా వచ్చే రకమైతే రివర్స్‌లో తన పొగే తిరిగి ఫ్యానుకి తగులుతుంది, అది మామూలే.

ఇంకో చిన్న మాట. నడిపే మనిషి, పెట్రోలు ట్యాంకు, నలభై కిలోలు దాటిన మోటారు, మూడూ అమరంలోనే ఉన్నాయి కదా. ట్యాంకుని మధ్య బల్ల కిందికి జరపండి, గొట్టం చాలకపోతే పొడవుది వేయండి. ఖర్చు లేని పని, పరీక్షకి ముందే చేయండి, లేకపోతే అంకెలన్నీ తర్వాత మారిపోతాయి.

—

మడఅడవి:

ఇద్దరికీ ధన్యవాదాలండి. చెప్పినట్టే చేశాం. ఛానెల్ పెట్టి కొలిస్తే ప్లేటు అడుగుకి మూడుంపావు అంగుళాలు దిగువన ఉంది. క్లాంపు పళ్లెం పై అంచు, బ్రాకెట్ ఆనే చోటుకి రెండంగుళాల కింద ఉంది. అందుకని అంగుళంన్నర దాకానే లేపి చూశాం. ట్యాంకు మధ్యకి జరిపాం.

అంగుళంన్నర దగ్గర ఐదుగురితో స్లోలో ఆగడం పోయింది. నీళ్లు చిమ్మడం బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. హ్యాండిల్ తేలికైంది. ఐదుగురితో ఎటు తిప్పినా గాలి పట్టలేదు. ఇద్దరితో గట్టిగా తిప్పినప్పుడు మాత్రం ఇంజన్ ఒక్క క్షణం అరిచి సర్దుకుంటోంది. ప్లేటు ఇంకా అంగుళంముప్పావు కిందే ఉంది కదా, అప్పుడే గాలి ఎలా పడుతోంది? ఇంకా లేపాలా వద్దా? కీల్ పట్టీ లోతు 40 మిల్లీమీటర్లు, పలక దాకా వచ్చి మొండిగా ఆగిపోయింది. క్లాంపు గరిష్ఠంగా 60 మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది.

—

ఫైబర్‌పని:

గాలి ఆ కీల్ నుంచి వస్తోంది. 40 మిల్లీమీటర్ల పట్టీ మొండిగా ఆగిన చోట దాని వెనక నీరు కలవలేక గుంటలా ఏర్పడుతుంది, అందులోకి పై నుంచి గాలి దిగుతుంది. సరిగ్గా ఆ నురుగు వెనకే మీ ఫ్యాను ఉంది. నిటారుగా వెళ్లేటప్పుడు కొద్దిగా ఉండి తెలియదు. తిరిగేటప్పుడు నీరు కీల్‌ని పక్కనుంచి కొడుతుంది కాబట్టి నురుగు మొత్తం ఫ్యాను మీదికి పోతుంది. మోటారుని కిందికి దించితే ఇది కప్పబడుతుంది తప్ప పోదు. కీల్ సరిచేయకుండా పైకి లేపితే ఎక్కువవుతుంది. ముందు కీల్ పని, తర్వాతే పలక పని.

కీల్ చివరి 45 సెంటీమీటర్లని ఏటవాలుగా కోయండి: ముందు 40 మిల్లీమీటర్ల లోతుతో మొదలై పలక దగ్గరికి సున్నా అవ్వాలి. కోసేటప్పుడు లోపల ఏముందో తెలుస్తుంది. కొన్ని బోట్లలో కీల్ గుల్లగా ఉంటుంది, కొన్నింట్లో చెక్క ఉంటుంది. చెక్క తడిగా, నల్లగా కనిపిస్తే మెత్తబడినంత మేర తీసేసి, బాగా ఆరిన తర్వాతే మూయాలి. తడి మీద వేసిన ఫైబర్ పట్టదు. మూయడానికి ముందు చుట్టూ పది సెంటీమీటర్ల మేర 60 నంబరు కాగితంతో జెల్‌కోటు (పైన మెరిసే పొర) పోయేదాకా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, మూడు పొరలు వేయండి. బోటు పలక అంచు పదునుగానే ఉండాలి, అక్కడ గుండ్రంగా చేయొద్దు. గుండ్రని అంచు నీటిని పైకి లాగుతుంది, చిమ్మడం మళ్లీ మొదలవుతుంది. కీల్ వెనక భాగం తీసేశాక బోటు నిటారుగా పోవడం కాస్త తగ్గుతుంది, తెడ్డు వేసేటప్పుడు తెలుస్తుంది. మోటారు మీద పెద్దగా తేడా ఉండదు.

ఇప్పుడు పలక. పైన ఉత్త దుంగ పెట్టి రెండు బోల్టులు బిగించే పని చేయించుకోకండి, రేవుల్లో ఎక్కువగా కనిపించేది అదే. మోటారు ముందుకి తోసే బలమంతా ఫ్యాను దగ్గర పుడుతుంది, పలక దాన్ని మీటలాగా భరిస్తుంది. అతుకు బలహీనంగా ఉంటే మొదట పైన వెంట్రుకవాసి పగులు వస్తుంది, అందులోంచి నీరు పలక లోపలి చెక్కకి దిగుతుంది, రెండు వానాకాలాల్లో పలక మెత్తబడుతుంది.

మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి, మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి. 19 మిల్లీమీటర్లవి రెండు ముక్కలు. బయటి ముక్క ఎత్తు మీరు లేపదలచుకున్నంత, లోపలి ముక్క దానికంటే నాలుగంగుళాలు ఎక్కువ. పలక పైభాగాన్ని లోపలి వైపునుంచి నాలుగంగుళాల లోతు, సగం మందం కోసేయండి. రెండు ప్లై ముక్కలూ కలిపి అతికిస్తే మెట్టులా వస్తుంది, అది ఆ కోతలో కూర్చుంటుంది. అతుకు అడ్డంగా ఒకే గీతలో ఉండదు కాబట్టి విరగదు. వెడల్పు బ్రాకెట్‌కి ఇరువైపులా కనీసం నాలుగంగుళాలు మిగిలేలా చూసుకోండి, మూలలు ఏటవాలుగా దించండి.

రెజిన్ విషయంలో చాలామంది తప్పు చేస్తారు. ఎపాక్సీ మీద మామూలు పాలియెస్టర్ రెజిన్ సరిగా అతుక్కోదు. చెక్కని ఎపాక్సీతో అతికించి పైన పాలియెస్టర్ మ్యాట్ వేస్తే కొన్నాళ్లకి పొర మొత్తం పెచ్చులా లేస్తుంది. ఈ పనికి మొదటినుంచి చివరిదాకా ఎపాక్సీయే వాడండి. అయితే ఎపాక్సీతో ముక్కల మ్యాట్ (చిన్న ఫైబర్ పోగుల పరుపు) వాడొద్దు, దాని బైండరు (పోగులని పట్టి ఉంచే జిగురు) పాలియెస్టర్‌లో కరిగే రకం, ఎపాక్సీలో మెత్తబడదు. నేత గుడ్డ, 600 గ్రాములది, తీసుకోండి. లోపల నాలుగు పొరలు, బయట నాలుగు పొరలు, ఒక్కో పొర కిందటిదానికంటే అన్ని వైపులా ఒక అంగుళం పెద్దది. కింద పాత పలక మీదికి ఒక అడుగు దాకా దిగాలి. ఒక్కో వైపు 3 మిల్లీమీటర్ల దాకా మందం వస్తుంది, మొత్తం 46 అవుతుంది. మీ క్లాంపు 60 తెరుచుకుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. రెండు వైపులా ఇంకో ప్లై తగిలిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, క్లాంపు పట్టదు.

కీల్ మూసేటప్పుడు పాలియెస్టర్ వాడితే మ్యాట్ ఫర్వాలేదు, 450 గ్రాములది. మన ఎండలకి కిలో రెజిన్‌కి 10 నుంచి 15 మిల్లీలీటర్ల హార్డెనర్ చాలు. కోబాల్ట్ (గట్టిపడటాన్ని త్వరపెట్టే ద్రవం) విడిగా కలపాల్సిన రెజిన్ అయితే ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ పోయాలి. కోబాల్ట్, హార్డెనర్ రెండూ నేరుగా ఒకదానిలో ఒకటి కలిస్తే మంట లేచి పేలుతుంది. ఒకే గరిటెతో రెండు డబ్బాలూ ముట్టుకోవద్దు.

—

పోటుపాటు:

ఫైబర్‌పని గారు కీల్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎత్తు విషయంలో: మొత్తం రెండంగుళాలు లేపండి. ప్లేటు అంగుళంపావు కింద నిలుస్తుంది. మాన్యువల్ హద్దుకి పావంగుళం ఎక్కువ లోతు, తెలిసే చెబుతున్నాను. మీరు ఎక్కువగా ఇద్దరితో, అలలున్న చోట కూడా తిరుగుతారు. ఆ పావంగుళం వల్ల పోయే స్పీడు మీకు తెలియదు, గాలి పట్టకుండా అది కాపాడటం మాత్రం తెలుస్తుంది. కీల్ కోశాక అంగుళంన్నర దగ్గర పట్టీలతో ఇంకోసారి పరీక్షించి, గాలి పూర్తిగా పోయిందని చూసుకుని ప్లై ముక్కలు కోయించండి. ఆ తర్వాత ఇంకో అర అంగుళం లేపాలని అనిపిస్తే పట్టీ పెట్టొచ్చు. ఎక్కువ ఎత్తు కట్టేసి కోయడం కంటే అది తేలిక.

—

ఉప్పాడతీరం:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా వైపు ఒడ్డు నుంచే కెరటాలు దాటి పోవాలి, తిరిగి ఇసుక మీదికే రావాలి. 24 అడుగుల ఫైబర్ బోటుకి ఇదే లెక్క పనికొస్తుందా?

—

రేవుమెకానిక్:

పనికిరాదండి, మీది వేరే పని. కెరటం మీద అమరం గాలిలోకి లేస్తుంది కాబట్టి లోతు ఉండాలి, అంగుళంన్నర నుంచి రెండు దాకా దిగువన పెట్టుకోండి. పొగ రంధ్రం కోసం బరువుని ముందుకి సర్దాలి తప్ప మోటారుని లేపకూడదు. మోటారు పక్కకి తగిలించే బోటైతే అడుగు గీతని చూడొద్దు. పూర్తి వల, మనుషులు ఎక్కాక నీటి మట్టం ఎక్కడుందో గీత గీసి, దానికి ప్లేటు కనీసం నాలుగైదు అంగుళాల కింద ఉండేలా చూడాలి. ఒడ్డుకి వచ్చేటప్పుడు రివర్స్ లాక్ తీసి ఉంచండి. అది పడి ఉంటే ఇసుక తగిలినప్పుడు మోటారు పైకి లేవదు, దెబ్బ నేరుగా బ్రాకెట్‌కీ పలకకీ తగులుతుంది. లాక్ తీసినప్పుడు మాత్రం రివర్స్ గేరు వేయకండి, మోటారు దానంతటదే పైకి తన్నుకొస్తుంది.

మడఅడవి గారూ, పలక పని అయ్యాక బిగించడం గురించి. ఎత్తు మారింది కాబట్టి పాత బోల్టు రంధ్రాలు కలవవు. వాటిని ఎపాక్సీ పేస్టుతో పూర్తిగా నింపేయండి. కొత్తవి 8 మిల్లీమీటర్ల బోల్టుకి ముందు 12 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 8.5తో మళ్లీ వేయండి. అప్పుడు బోల్టు పక్కనుంచి నీరు దిగినా చెక్కకి తగలదు. బోల్టులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్, లోపల వెడల్పు వాషర్లు, లాక్ నట్లు. బోల్టు చుట్టూ పీయూ (పాలియురెథేన్) సీలెంట్ వాడండి, బాత్రూములకి వాడే సిలికాన్ ఇక్కడ పట్టదు. ఒక రోజంతా ఆరనివ్వాలి.

మోటారు మధ్య గీతకి సరిగ్గా ఉందో చూడటానికి పలక రెండు చివర్ల నుంచి ఫ్యాను బొడ్డు దాకా టేపు పెట్టండి, రెండు కొలతలూ ఒకటే రావాలి. తర్వాత వంపు పిన్ను. ఎత్తుకీ వంపుకీ సంబంధం లేదు, ఎత్తు తప్పుని వంపుతో సర్దడం కుదరదు. నడిచేటప్పుడు ప్లేటు నీటికి సమాంతరంగా ఉండే రంధ్రంలో పెట్టండి. అణియం మరీ లేచి ముందు కనిపించకపోతే, లేదా ఎగిరెగిరి పడుతుంటే, పిన్ను ఒక రంధ్రం లోపలికి. అణియం నీటిని దున్నుతూ హ్యాండిల్ ఒక పక్కకి లాగుతుంటే ఒక రంధ్రం బయటికి. ఐదుగురికీ ఇద్దరికీ ఒకే రంధ్రం కుదరకపోవచ్చు, మార్చుకోవడానికే అవి అన్ని ఉన్నాయి.

ఎత్తు, వంపు కుదిరాక ఆర్‌పీఎం చూడాలి, ముందు చూస్తే ఉపయోగం లేదు. ప్లగ్గు తీగకి చుట్టే చిన్న టాకోమీటర్లు దొరుకుతాయి. మామూలుగా మీరు మోసే బరువుతో పూర్తి థ్రాటిల్ ఇచ్చి, మాన్యువల్‌లో రాసిన పరిధిలో ఉందో చూడండి. ఆ పరిధి అందకపోతే ఫ్యాను పిచ్ (ఒక చుట్టుకి ముందుకి పోయే దూరం) ఎక్కువైనట్టు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఐదుగురిని తరచుగా ఎక్కిస్తే ఒక అంగుళం తక్కువ పిచ్ ఫ్యాను ఇంకొకటి ఉంచుకోవడం మంచిది. ప్లేటుకి బిగించే ప్లాస్టిక్ రెక్కలు కొనమని చెప్పేవాళ్లు ఉంటారు. వాటికోసం ప్లేటుకి రంధ్రాలు వేయాల్సి వస్తుంది, మీ ఇబ్బందికి అవి మందు కూడా కావు.

—

మడఅడవి:

కీల్ కోసి మూశాం. లోపల చెక్క చివరి అడుగు మేర నల్లబడి ఉంది, తీసేశాం. అంగుళంన్నర పట్టీలతో మళ్లీ తిప్పి చూస్తే ఇద్దరితో కూడా గాలి పట్టడం లేదు. రెండంగుళాలు లేపేలా ప్లై ముక్కలు కోయిస్తున్నాం. ఒక సందేహం మిగిలింది. ఇప్పుడు బురద నీళ్లలో పైలట్ ధార (కూలింగ్ నీళ్లు తిరుగుతున్నాయని చూపిస్తూ బయటికి వచ్చే ధార) సన్నగా వస్తోంది. మోటారు లేపినందువల్లనా?

—

రేవుమెకానిక్:

లేపినందువల్ల అయితే ధార తిరిగేటప్పుడు, అలలో తెగి తెగి వస్తుంది, నిటారుగా పోయేటప్పుడు బాగుంటుంది. ఎప్పుడూ ఒకేలా సన్నగా ఉంటే ఎత్తుతో పని లేదు. ముందు ధార వచ్చే రంధ్రంలోకి సన్నటి నైలాన్ తీగ పెట్టి చూడండి, ఉప్పూ బురదా గట్టిపడి మూసుకుని ఉంటుంది. అది శుభ్రంగా ఉండి కూడా ధార రాకపోతే కాలు విప్పి రబ్బరు ఇంపెల్లర్ (కూలింగ్ నీటి పంపులోని రెక్కల చక్రం) చూపించండి. ఇన్నాళ్లు ఫ్యాను బురదలో గీసుకుందన్నారు కదా, కూలింగ్ రంధ్రాలు కూడా ఆ లోతులోనే బురద తాగి ఉంటాయి. ఇంపెల్లర్ రెక్కల అంచులు అరిగినా, ఒక పక్కకి వంగి అలాగే ఉండిపోయినా మార్చేయండి. దాంతోపాటు కింది స్టీలు పళ్లెం మీద గీతలు పడ్డాయేమో చూడండి, పడితే అదీ మార్చాలి, లేకపోతే కొత్త ఇంపెల్లర్ కూడా త్వరగా పోతుంది.

కొత్త పలక మీద క్లాంపు స్క్రూలు మొదటి గంట నడిచాక ఒకసారి, మర్నాడు ఒకసారి చేత్తో బిగించండి. ఎపాక్సీ పొర కొత్తది కాబట్టి కొంచెం అణుగుతుంది. స్పానర్ గానీ పైపు గానీ పెట్టి తిప్పొద్దు, పళ్లెం పొరలోకి దిగిపోతుంది.